క్రియల పాఠం 6: పేనడం

పోయిన పాఠంలో ‘అల్లు’ చూశాం. ఈసారి ‘పేను’. తలలో పాకే పేను కాదు. దానికి పెత్తనం ఇవ్వకుండా అసలు క్రియలోకి వెళదాం.

ముందు ఒక బారెడు పురికొస తీసుకోండి. ఒక కొస తలుపు గడియకు కట్టి, రెండో కొసను వేళ్లతో ఒకే వైపు తిప్పుతూ పోండి. దీన్ని పురి ఎక్కించడం అంటారు. దారం బిగిసి, వదిలితే చుట్టలు పడేలా అయ్యాక, మధ్యలో పట్టుకుని రెండు కొసలనూ ఒకచోటికి చేర్చండి. ఇప్పుడు మధ్యభాగం వదలండి. రెండు పాయలూ గిర్రున తిరిగి ఒకదాని చుట్టూ ఒకటి చుట్టుకుంటాయి, అదీ మీరు తిప్పిన దిశకు ఎదురుగా. పురి విడిపోవాలని పాయ లాగుతుంటే, ఆ లాగుడే తాడును బిగించి ఉంచుతుంది. పేనడంలోని కిటుకంతా ఇదే.

అందుకే జడను అల్లుతాం, పేనం. అల్లికలో పాయలు ఒకదాని మీదుగా ఒకటి దాటుతాయి, వాటికి పురి అక్కర్లేదు. మీసం ఒక్కటే పాయ కాబట్టి మెలితిప్పుతాం. దూదిని నూలుగా వడుకుతాం. తాడును, మోకును మాత్రం పేనుతాం.

రూపాలు తేలికే: పేనుతుంది, పేనింది, పేని, పేనిన. కర్మ దగ్గరే కాస్త ఆగాలి. ‘నార పేనాడు’ అన్నా సరే, ‘తాడు పేనాడు’ అన్నా సరే. మొదటిది ముడిసరుకు, రెండోది తయారైన వస్తువు. రెండూ ఒకే వాక్యంలో కావాలంటే ‘నారతో తాడు పేనాడు’ అనండి.

పేనడానికి చెయ్యి ఉండాలి. తీగలు వాటంతటవే చుట్టుకుంటే ‘పెనవేసుకున్నాయి’ అంటాం. బంధాలూ జ్ఞాపకాలూ పెనవేసుకునేవే. వాటిని పేనినట్టు రాస్తే నవ్వొస్తుంది.

తాడు పాయకు పేట అని కూడా పేరు. మూడు పేటలది ముప్పేట. పత్రికల్లో రోజూ కనిపించే ‘ముప్పేట దాడి’లో ఉన్నది ఆ తాడే. పురికి పాతరూపం పిరి. ‘ఆనందం ముప్పిరిగొంది’ అన్నప్పుడు మూడు పురుల బిగువు అందులో ఉంది.

అభ్యాసం: ఈ రెంటిలో తప్పేదో పట్టుకోండి. ‘మల్లెతీగ పందిరిని పేనింది.’ ‘కొబ్బరిపీచు పేని మోకు చేశారు.’ జవాబుతోపాటు వచ్చే పాఠంలో ‘మెలిపెట్టు’.