న్యూపోర్ట్ భవంతులను ఒక్కరోజులో ఎలా చూడాలి?

అమెరికాలో రోడ్ ఐలండ్ తీరాన ఉన్న న్యూపోర్ట్‌కి బోస్టన్ నుంచి కారులో గంటన్నర పైచిలుకు ప్రయాణం. పాతకాలపు సంపన్నులు వేసవి విడిదికి కట్టుకున్న భవంతులున్న ఊరిది. వచ్చినవాళ్లు చాలామంది నేరుగా బ్రేకర్స్ అనే భవంతిలోకి దూరుతారు. దాన్ని చూసిన కళ్లకు ఇక ఏ ఇల్లూ ఆనదు. అలా కాకుండా కట్టిన ఏళ్ల వరుసలో చూస్తే, ఏ డబ్బు ఏ ఇంటిని లేపిందో తెలుస్తుంది.

ముందు రాత్రే: ఏ ఇళ్లు తెరుస్తున్నారో, వాటిని నడిపే న్యూపోర్ట్ పరిరక్షణ సంఘం వెబ్‌సైట్‌లో చూసుకోండి. చిన్నవి ఏడాదిలో కొన్ని నెలలే తెరుస్తారు. రోజుకి మూడిళ్లకు మించి లోపల చూడొద్దు, నాలుగోదానికి అన్ని పైకప్పులూ ఒకేలా కనిపిస్తాయి.

1. బెల్‌వ్యూ అవెన్యూ ఉత్తరపు కొసన కింగ్స్‌కోట్ దగ్గర మొదలుపెట్టండి. అమెరికా దక్షిణాది రాష్ట్రం జార్జియాకు చెందిన తోటల యజమాని జార్జ్ నోబుల్ జోన్స్, దక్షిణాది ఎండలు తప్పించుకోవడానికి 1839లో మొదలుపెట్టిన చెక్క ఇల్లు ఇది. ఆ డబ్బు వెనుక బానిసల చాకిరీ ఉంది. ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం రాగానే జోన్స్ కుటుంబం ఊరు వదిలింది, మళ్లీ రాలేదు.

2. దక్షిణంగా నడిస్తే షాటో-సుర్-మేర్, 1852 నాటిది. చైనా వర్తకంలో గడించిన వెట్మోర్‌ది. టైం లేకపోతే బయటినుంచి చాలు. చెక్క పోయి రాయి వచ్చిందని గమనించండి.

3. మార్బుల్ హౌస్‌కి టికెట్ తీసుకోండి. రైల్వేలతో గడించిన కుటుంబానికి చెందిన విలియం వాండర్‌బిల్ట్ 1888-92 మధ్య కట్టించి భార్య ఆల్వాకు పుట్టినరోజు కానుకగా ఇచ్చాడు. ఖర్చు 1.1 కోట్ల డాలర్లు, అందులో 70 లక్షలు పాలరాయికే. ఇల్లు ఆమె పేరిట ఉండటంతో 1895లో విడాకులయ్యాక కూడా ఆమెకే మిగిలింది. పెరట్లో సముద్రం వైపున్న చైనా తరహా టీ హౌస్ వదలొద్దు, ఆడవాళ్ల ఓటుహక్కు కోసం ఆల్వా ఈ ఇంట్లోనే సభలు పెట్టింది.

4. ఇప్పుడు బ్రేకర్స్. కనీసం గంటన్నర. విలియం వాళ్లన్న కార్నీలియస్ వాండర్‌బిల్ట్ కొన్న పాత చెక్క ఇల్లు 1892లో కాలి బూడిదైంది. ఆ దెబ్బకు కొత్తదాన్ని ఇనుము, రాయి, ఇటుకలతో లేపారు, బాయిలర్‌ను కూడా ఇంటికి దూరంగా భూమి లోపల పెట్టారు. 1895కల్లా 70 గదులతో సిద్ధం. స్నానాల గదిలో కుళాయిలు లెక్కపెట్టండి: మంచినీళ్లు, సముద్రపు నీళ్లు, రెండింటికీ వేడివీ చల్లవీ. ఇంతా చేసి ఉండేది వేసవిలో కొన్ని వారాలే, పైగా దీన్ని ‘కాటేజీ’ అనేవారు!

5. చివరగా ఎల్మ్స్ (1901), బొగ్గు వ్యాపారి బెర్విండ్‌ది. ఇక్కడ మామూలు టూర్ కంటే పనివాళ్ల టూర్ మేలు, దానికి విడిగా బుక్ చేసుకోవాలి. బొగ్గు బండి వీధి నుంచి సొరంగంలో పట్టాల మీద బేస్‌మెంట్‌కి వచ్చేది, అతిథుల కంట మసి పడకూడదని. పనివాళ్ల గదులు మూడో అంతస్తులో, రాతి పిట్టగోడ చాటున కనబడకుండా ఉంటాయి. మెట్లు చాలా ఎక్కాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మానుకోండి.

1913లో ఆదాయపు పన్ను వచ్చాక, పనివాళ్ల జీతాలు పెరిగాక ఈ ఇళ్లు వారసులకు బరువయ్యాయి. 1948లో బ్రేకర్స్‌ను ఏడాదికి ఒక డాలర్ అద్దెకు పరిరక్షణ సంఘానికి ఇచ్చారు. 1962లో ఎల్మ్స్‌ను కూల్చబోతుంటే అదే సంఘం కొని ఆపింది.

6. సాయంత్రం వెలుతురు ఉంటే క్లిఫ్ వాక్. మొత్తం అయిదున్నర కిలోమీటర్లు. నారగాన్సెట్ అవెన్యూ చివర ‘నలభై మెట్లు’ అనే చోట నడక మొదలుపెట్టి, బ్రేకర్స్ వెనకభాగం చూస్తూ రగ్గల్స్ అవెన్యూ దాకా వెళ్తే దారి చదునుగా ఉంటుంది. అది దాటాక బండరాళ్లే, స్ట్రోలర్ నడవదు, చెప్పులు జారతాయి. 2022 మార్చిలో ‘నలభై మెట్ల’కు దక్షిణాన కొంత దారి కూలింది, కాబట్టి దారి మళ్లింపు బోర్డులు కనిపిస్తే వాటి ప్రకారమే వెళ్లండి.