ఇంటర్నెట్ ఎక్కడ ఆగిందో పింగ్‌తో కనిపెట్టడం ఎలా?

వైఫై గుర్తు నిండుగానే ఉంటుంది, పేజీ మాత్రం తెరుచుకోదు. రౌటర్‌ను ఆపి మళ్లీ వేసే ముందు ఒక్కసారి పింగ్ చేసి చూడండి. ఈ కమాండ్ అవతలి యంత్రానికి చిన్న ప్యాకెట్ పంపి, జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వచ్చిందో చెబుతుంది. 1983లో మైక్ మూస్ రాసిన ప్రోగ్రామ్ ఇది. దగ్గరి నుంచి దూరానికి వెళ్తూ పింగ్ చేయాలి. జవాబులు ఎక్కడ ఆగిపోతే లోపం అక్కడే వెతకాలి.

1. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ (కమాండ్లు టైప్ చేసే విండో) తెరిచి, ఇంగ్లిషు అక్షరాల్లో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టండి. డిఫాల్ట్ గేట్‌వే ఎదుట ఉన్నదే మీ రౌటర్ చిరునామా. చాలా ఇళ్లలో అది 192.168.1.1 లేదా 192.168.0.1. మీ కంప్యూటర్ చిరునామా 169.254తో మొదలైతే రౌటర్ దానికి చిరునామానే ఇవ్వలేదన్నమాట. ముందు ఆ సంగతి చూడండి.

2. పింగ్ అని కొట్టి, ఖాళీ వదిలి, రౌటర్ చిరునామా ఇవ్వండి. విండోస్ నాలుగు ప్యాకెట్లు పంపుతుంది. జవాబులు కొద్ది మిల్లీసెకన్లలో వస్తే ఇంటిలోపల అంతా సవ్యమే. ఇక్కడొక తిరకాసు ఉంది. డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్ అని వచ్చినా, చివరి లెక్కలో నష్టం 0 శాతం అనే చూపించవచ్చు. ఆ వరుసలో ఉన్న చిరునామా చూడండి, చాలాసార్లు అది మీ కంప్యూటర్‌దే! అవతలి యంత్రం దొరకలేదని తనకు తానే చెప్పుకుంటోంది. కాబట్టి శాతం ఒక్కటే చూసి తృప్తి పడకండి, వరుసలు చదవండి.

3. ఇప్పుడు 8.8.8.8కు పింగ్ చేయండి. అది గూగుల్ డీఎన్ఎస్ సర్వర్, అంటే వెబ్‌సైట్ పేరు అడిగితే దాని అంకెల చిరునామా చెప్పే యంత్రం. రౌటర్ పలికి ఇది పలకకపోతే, లోపం చాలావరకు బయటి లైనుదే.

4. చివరగా ఒక వెబ్‌సైట్ పేరుకు చేయండి. అంకెలకు జవాబు వస్తూ, పేరు మాత్రం దొరకలేదంటే డీఎన్ఎస్ తేడా. నెట్‌వర్క్ సెట్టింగుల్లో డీఎన్ఎస్‌గా 1.1.1.1 లేదా 8.8.8.8 పెట్టి చూడండి.

వచ్చిపోతుండే నెట్‌తోనే అసలు చిరాకు. అలాంటప్పుడు రెండు విండోలు తెరిచి, ఒకదానిలో రౌటర్‌కు, రెండోదానిలో 8.8.8.8కు, కమాండ్ చివర -టి (ఇంగ్లిషు అక్షరమే) చేర్చి వదిలేయండి. కంట్రోల్, సీ కలిపి నొక్కేదాకా అవి ఆగవు. రౌటర్ సమయాలే 2 నుంచి 300కు ఎగిరిపడుతుంటే వైఫైని అనుమానించి, కేబుల్ పెట్టి చూడండి. అవి నిలకడగా ఉండి రెండో విండోలోనే జవాబులు రాలిపోతుంటే, ఆ తెరను ఫొటో తీసి ఇంటర్నెట్ కంపెనీకి పంపండి.

పింగ్‌కు జవాబివ్వని సైట్లూ ఉంటాయి. బ్రౌజర్‌లో చక్కగా తెరుచుకునే సైటు పింగ్‌కు పలకలేదని కంగారు పడనక్కర్లేదు.