జావాలో రా టైప్ వార్నింగ్‌లు పోగొట్టడం ఎలా?

పాత జావా ప్రాజెక్టును కంపైల్ చేస్తే చివర్లో "అన్‌చెక్డ్ ఆర్ అన్‌సేఫ్ ఆపరేషన్స్" అని ఒక నోట్ వస్తుంటుంది. ప్రోగ్రామ్ నడుస్తోంది కదా అని దాన్ని వదిలేయకండి. లిస్ట్ లాంటి వాటిలో ఏ రకం విలువలు ఉంటాయో < > మధ్య రాసే జెనరిక్స్ 2004లో జావా 5తో వచ్చాయి. అంతకుముందు రాసిన కోడ్ ఆగిపోకూడదనే రా టైప్‌లను, అంటే రకం చెప్పకుండా వట్టి లిస్ట్ అని రాయడాన్ని, ఉండనిచ్చారు. ఆ నోట్ ఎక్కువగా వీటివల్లే వస్తుంది. కొత్త కోడ్‌లో వాటితో పనిలేదు.

ముందు వార్నింగ్‌లన్నీ బయటికి రప్పించండి. కంపైల్ చేసే జావాక్ కమాండ్‌కు -ఎక్స్‌లింట్:రాటైప్స్,అన్‌చెక్డ్ అని జతచేస్తే ఏ ఫైల్లో, ఏ లైనులో ఉందో చూపిస్తుంది. మామూలుగా 100 చూపించి ఆగిపోతుంది, అంతటితో అయిపోయాయనుకోవద్దు.

ఇప్పుడు ఈ కోడ్ చూడండి:

లిస్ట్ పేర్లు = న్యూ అర్రేలిస్ట్();
పేర్లు.యాడ్("సీత");
పేర్లు.యాడ్(42);
స్ట్రింగ్ పే = (స్ట్రింగ్) పేర్లు.గెట్(1);

తప్పు జరిగింది మూడో లైనులో. రకం సరిపోలేదని చెప్పే క్లాస్‌కాస్ట్‌ఎక్సెప్షన్ వచ్చేది నాలుగో లైనులో, అదీ రన్ చేశాకే. నిజమైన ప్రాజెక్టులో ఈ రెండు లైన్లూ వేర్వేరు ఫైళ్లలో ఉంటాయి, వెతకడానికి పూట గడిచిపోతుంది. మొదటి లైనును ఇలా మార్చండి:

లిస్ట్<స్ట్రింగ్> పేర్లు = న్యూ అర్రేలిస్ట్<>();

42 ఉన్న లైను దగ్గరే కంపైలర్ ఆపేస్తుంది. నాలుగో లైనులో రకం మార్చే (స్ట్రింగ్) అనే కాస్ట్ కూడా అక్కర్లేదు, తీసేయండి. కుడివైపు ఖాళీ <> జావా 7 నుంచి పనిచేస్తుంది. అది మరిచిపోతే వార్నింగ్ అలాగే ఉంటుంది.

వార్నింగ్‌లు వచ్చిన వరుసలో కాకుండా, ఫీల్డులు, మెథడ్ రిటర్న్ టైప్‌లు, పారామీటర్లతో మొదలుపెట్టండి. అవి సరిచేస్తే వాటిని వాడే చోట్ల చాలా వార్నింగ్‌లు వాటంతటవే పోతాయి.

లిస్ట్‌లో ఏముందో మెథడ్‌కు అవసరం లేకపోతే లిస్ట్<?> రాయండి. లిస్ట్<ఆబ్జెక్ట్> రాస్తే దానికి లిస్ట్<స్ట్రింగ్> పంపడం కుదరదు. లిస్ట్<?> లో మాత్రం నల్ తప్ప ఇంకేదీ చేర్చలేరు.

మీరే రాసిన జెనరిక్ క్లాసును రా టైప్‌గా వాడితే నష్టం ఇంకా ఎక్కువ. క్లాసు పేరు పక్కన <టి> లా రాసే టైప్ పారామీటర్‌తో సంబంధం లేని మెథడ్ లిస్ట్<స్ట్రింగ్> ఇస్తున్నా, రా ఆబ్జెక్ట్ మీద పిలిస్తే వట్టి లిస్టే వస్తుంది.

జెనరిక్ అర్రే కోసం చేసే కాస్ట్ లాంటి కొన్ని చోట్ల వార్నింగ్ తప్పదు. అక్కడ వార్నింగ్ చూపించవద్దని చెప్పే @సప్రెస్‌వార్నింగ్స్("అన్‌చెక్డ్") ను క్లాసు మొత్తానికి కాకుండా ఆ ఒక్క వేరియబుల్‌కే పెట్టి, ఆ కాస్ట్ ఎందుకు సురక్షితమో పక్కనే కామెంట్ రాయండి.

అన్నీ పోయాక ఎక్స్‌లింట్‌తో పాటు, వార్నింగ్‌ను ఎర్రర్‌గా చూసే -డబ్ల్యూఎర్రర్ కూడా బిల్డ్‌లో చేర్చండి. మళ్లీ ఎవరైనా రా టైప్ వాడితే కంపైల్ అక్కడే ఆగిపోతుంది.