స్కూబా డైవింగ్‌లో ఎక్కడ తేడా వస్తుంది, అప్పుడేం చేయాలి

అండమాన్ వెళ్లొచ్చిన మా బెజవాడ వాళ్లలో చాలామంది ఒకటే కథ చెబుతుంటారు. డబ్బు కట్టాం, గాలి సిలిండర్ తగిలించిన, గాలి నింపుకునే జాకెట్ తొడిగారు, నీళ్లలోకి దించారు, చెవి పోటెత్తింది, ఐదు నిమిషాల్లో పైకొచ్చేశాం అని. విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఎందుకంటే ఆ ఐదు నిమిషాల్లో వాళ్లకు ఎదురైనవి దాదాపు అన్నీ అక్కడికక్కడే సరిచేసుకోగలిగినవి. నేను ఆరేళ్లుగా అండమాన్‌లోని హావ్‌లాక్ దీవికి వెళ్తున్నాను (2018 నుంచి దాని పేరు స్వరాజ్ ద్వీప్, అయినా అందరూ పాత పేరే అంటారు). ఒడ్డు నుంచి నడుచుకుంటూ నెమో రీఫ్‌లో (రీఫ్ అంటే పగడపు దిబ్బ) దిగాను, బోటు మీద లైట్‌హౌస్, డిక్సన్స్ పినకిల్ అనే డైవ్ చోట్లకీ వెళ్లాను, మా వాళ్లను కూడా తీసుకెళ్లాను. మనకు దగ్గర్లో ఉన్న సూర్యలంకలో పగడాలు చూద్దామంటే కుదరదు, నదులు తెచ్చే ఒండ్రు నీళ్లలో అవి బతకవు. అంత దూరం వెళ్లాల్సిందే కాబట్టి, వెళ్లేముందు ఇది చదివి వెళ్లండి.

చెవి నొప్పి

అన్నిటికంటే ఎక్కువమందిని పైకి పంపించేసేది ఇదే. రెండు మూడు మీటర్ల లోతుకే మొదలవుతుంది, చాలామంది పది మీటర్లకు వెళ్తే వస్తుందేమో అనుకుంటారు.

కారణం నీటి బరువు. పది మీటర్లు దిగేసరికి పైన ఉన్న ఒత్తిడికి రెట్టింపు అవుతుంది, ఆ మార్పులో ఎక్కువ తీవ్రంగా తగిలేది మొదటి కొన్ని మీటర్లలోనే. కర్ణభేరి వెనక ఉన్న గాలి నలిగిపోతుంది, భేరి లోపలికి లాక్కుపోతుంది. ముక్కు వెనక నుంచి చెవిలోకి ఒక సన్నని గొట్టం ఉంటుంది, దాన్ని మనం తెరిచి గాలి పంపిస్తే సరిపోతుంది, కానీ నొప్పి మొదలయ్యాక ఆ గొట్టం మూసుకుపోయి, ఆ లోతులో ఇక తెరుచుకోదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

అందుకే నొప్పి రాకముందే చేయాలి. నీటి పైన ఉండగానే ఒకసారి, తల మునగగానే ఒకసారి, ఆ తర్వాత ప్రతి అర మీటరుకు ఒకసారి ముక్కు మూసుకుని మెల్లగా గాలి నెట్టాలి, లేదా ముక్కు మూసుకుని గుటక వేయాలి. కాళ్లు కిందకు పెట్టి, తాడు పట్టుకుని దిగితే తేలిక, తలకిందులుగా దిగితే కష్టం. ఒక చెవే తెరుచుకోకపోతే ఆ చెవి పైకి వచ్చేలా తల వంచండి. అప్పటికీ కాకపోతే ఒక మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించండి. బలంగా మాత్రం ఊదొద్దు, లోపలి చెవి దెబ్బతింటుంది. ఇంటి దగ్గర రోజూ నాలుగుసార్లు గుటక పద్ధతి అలవాటు చేసుకోండి, విమానం దిగేటప్పుడు కూడా అదే చేసి చూడండి.

మా బావమరిదికి మూడు మీటర్ల దగ్గర నొప్పి వచ్చింది. అరచేతిని అటూ ఇటూ ఊపి చెవి చూపిస్తే ఇన్‌స్ట్రక్టర్ ఆగేవాడు, కానీ వాడు చూపించలేదు, పళ్ల బిగువున ఎనిమిది మీటర్లదాకా దిగాడు. తర్వాత పదిరోజులు ఆ చెవి సరిగ్గా వినపడలేదు, ఇంటికొచ్చాక ఈఎన్‌టీ డాక్టరు చూసి లోపల వాచి నీరు చేరిందన్నారు. ఎందుకురా చెప్పలేదు అంటే, "ఐదుగురు నాకోసం ఆగాలి కదా బావా" అన్నాడు. ఆగనివ్వండి. వాళ్లు ఆగేది రెండు నిమిషాలు.

జలుబు ఉంటే అసలు దిగొద్దు. ముక్కు దిబ్బడకు మాత్ర వేసుకుని దిగితే, నీళ్లలో ఉండగా దాని పనితనం తగ్గిపోయి పైకి వచ్చేటప్పుడు గాలి లోపలే చిక్కుకుంటుంది, అది దిగేటప్పటి నొప్పికంటే పెద్ద గొడవ, ఎందుకంటే పైకి రాక తప్పదు కదా. డైవ్ తర్వాత కళ్లు తిరిగినా, వినికిడి తగ్గినా, చెవిలోంచి రక్తం వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఆయన సరేననేదాకా డైవింగ్ ఆపేయండి.

గాలి అందరికంటే ముందు అయిపోతోంది, ఊపిరాడనట్టు అనిపిస్తోంది

బెజవాడలో బందరు కాలవలోనో ఏలూరు కాలవలోనో ఈత నేర్చుకున్నవాళ్లకు ఇది ముఖ్యంగా చెప్పాలి. మనకు ఈతంటే గుండెల నిండా గాలి పీల్చి, బిగబట్టి, మునకేసి అవతల తేలడం. స్కూబాలో ఖచ్చితంగా చేయకూడని పని అదే. పది మీటర్ల లోతులో ఊపిరి నింపుకుని, బిగబట్టి పైకి వస్తే ఆ గాలి పైకొచ్చేసరికి రెట్టింపు చోటు అడుగుతుంది, ఊపిరితిత్తులు చిరిగే ప్రమాదం ఉంది. మామూలు ఈత కొలనులో, రెండు మీటర్ల లోతులో కూడా ఇది జరగొచ్చు. కాబట్టి ఈత బాగా వచ్చు అన్న ధీమాతో వచ్చేవాళ్లకే నేను రెండుసార్లు చెబుతాను: ఊపిరి ఆపొద్దు, లోపలికీ బయటికీ ఎప్పుడూ నడుస్తూనే ఉండాలి.

గాలి తొందరగా అయిపోవడానికి కారణాలు నాలుగైదు ఉంటాయి. టెన్షన్‌లో చిన్న చిన్న ఊపిరులు తీయడం మొదటిది. చేతులతో ఈదడం రెండోది, చేతులు కట్టుకుని ఫిన్స్‌తో (కాళ్లకు తొడిగే రెక్కలు) మాత్రమే కదలండి, మీకే తేడా తెలుస్తుంది. లోతు ఇంకొకటి: పది మీటర్ల దగ్గర పైన వాడే గాలికి రెట్టింపు, ఇరవై మీటర్ల దగ్గర మూడింతలు ఖర్చవుతుంది, అది మీ తప్పు కాదు. నడుముకి బరువు ఎక్కువ కట్టడం మరో కారణం, దాని గురించి కింద చెబుతాను.

చేయాల్సింది: కదలడం ఆపండి. ఇన్‌స్ట్రక్టర్‌కి ఆగమని సైగ చేసి, నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. ఊపిరాడనట్టు అనిపించేది చాలాసార్లు గాలి లేక కాదు, లోపలి గాలి పూర్తిగా వదలక. వదలడం మీద దృష్టి పెడితే పీల్చడం దానంతటదే వస్తుంది. గాలి మిగలాలని ఊపిరికీ ఊపిరికీ మధ్య ఆపేవాళ్లు ఉంటారు, వాళ్లకు సాయంత్రం తలనొప్పి పట్టుకుంటుంది, లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోవడం వల్ల. సిలిండర్ సాధారణంగా 200 బార్ (లోపలి గాలి ఒత్తిడి కొలత) దగ్గర మొదలవుతుంది. సగం అయ్యాక చెప్పండి, 50 బార్ మిగిలి ఉండగా పైకి చేరుకోండి.

ఇంకోటి, మెడికల్ ఫారంలో ఆస్తమా, బీపీ, గుండె, ఫిట్స్ అని అడుగుతారు. అన్నిటికీ లేదని టిక్కు పెట్టేసి సంతకం చేసేవాళ్లను చూశాను. దయచేసి అలా చేయకండి. ఉంటే బయల్దేరకముందే ఇక్కడ డాక్టరుకి చూపించి, రాయించుకుని వెళ్లండి.

మాస్క్ అద్దానికి ఆవిరి పడుతోంది, లోపలికి నీళ్లు కారుతున్నాయి

కొత్త మాస్క్ అద్దం మీద తయారీలో అంటిన పల్చటి పొర ఉంటుంది, దాన్ని తెల్ల టూత్‌పేస్టుతో రెండు మూడుసార్లు రుద్ది కడగాలి. తర్వాత ప్రతి డైవ్‌కీ ముందు ఉమ్మి రాసి ఒక్కసారి తొలిపితే చాలు. అసహ్యపడాల్సిన పనేమీ లేదు, ఏళ్ల తరబడి డైవ్ చేసేవాళ్లు కూడా అదే చేస్తారు.

నీళ్లు కారుతుంటే అందరూ పట్టీ బిగిస్తారు, దాంతో ఇంకా కారుతుంది, ఎందుకంటే సిలికాన్ అంచు ముడత పడుతుంది. వదులు చేయండి. వెంట్రుకలు ఇరుక్కున్నాయేమో చూడండి. మీసం ఉన్నవాళ్లకు ముక్కు కింద ఆ అంచు అతుక్కోదు, పూర్తిగా తీసేయక్కర్లేదు, ముక్కుకి ఆనుకుని ఉన్న కొంచెం భాగాన్ని గీసేస్తే చాలు. లోపలికి నీళ్లు వస్తే మాస్క్ పైఅంచు నుదుటికి నొక్కి పట్టి, తల కొంచెం ఎత్తి, ముక్కుతో గాలి వదలండి, నీళ్లు కింద నుంచి పోతాయి. దీన్ని నడుము లోతు నీళ్లలో పదిసార్లు చేశాకే లోతుకి వెళ్లండి. కళ్లజోడు ఉన్నవాళ్లు పవర్ ఉన్న మాస్క్ ఉందా అని ముందే అడగాలి.

"బాగుంది" అని చూపిస్తే పైకి తీసుకొచ్చేశారు

బొటనవేలు ఎత్తి చూపిస్తే నీళ్లలో అర్థం "పైకి పోదాం" అని. బాగుంది అనడానికి బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి.

ఒకసారి పైకి తేలిపోతున్నాను, ఒకసారి అడుక్కి పోతున్నాను

ఎక్కువమందికి బరువు ఎక్కువ కడతారు, త్వరగా మునుగుతారని. ఎక్కువ బరువుంటే జాకెట్‌లో గాలి ఎక్కువ నింపాలి, ఆ గాలి ఒక మీటరు పైకి రాగానే ఉబ్బి మిమ్మల్ని ఇంకా పైకి లాగుతుంది, కిందకు దిగితే నలిగి ఇంకా దించేస్తుంది. నీటి పైన జాకెట్ గాలి మొత్తం తీసేసి, మామూలుగా ఊపిరి పట్టి చూస్తే కళ్ల మట్టానికి తేలాలి, ఊపిరి వదిలితే మునగాలి. అది సరైన బరువు. అల్యూమినియం సిలిండర్ ఖాళీ అయ్యేకొద్దీ తేలుతుంది కాబట్టి నిండు సిలిండర్‌తో చూసినప్పుడు ఒకటి రెండు కిలోలు అదనంగా ఉంచుకోవాలి. జాకెట్‌లో గాలి నింపే బటన్ ఒక్కసారి నొక్కి, రెండు ఊపిరులు ఆగి చూడండి. ఫలితం కాస్త ఆలస్యంగా వస్తుంది, ఆగలేక మళ్లీ నొక్కడమే అందరూ చేసే పొరపాటు. మీరు అదుపు తప్పి పగడం మీద పడితే విరిగేది ఏడాదికి సెంటీమీటరో రెండు సెంటీమీటర్లో పెరిగిన ప్రాణి అయి ఉండొచ్చు, అందుకే ఇది నేర్చుకోకుండా రీఫ్ దగ్గరికి వెళ్లొద్దని నేను గట్టిగా చెబుతాను.

బోటు మీద కడుపులో తిప్పుతోంది

నడుస్తున్న బోటు కంటే ఆగి ఊగే బోటులోనే ఎక్కువ తిప్పుతుంది. ఫోన్ చూడకండి, సామాన్ల మీదకు వంగి సర్దకండి, బోటు మధ్యలో కూర్చుని దూరంగా ఆకాశం నీళ్లను కలిసే గీతను చూడండి. సరంజామా ఒడ్డునే సిద్ధం చేసుకోవాలి. ఖాళీ కడుపుతో వెళ్లినా తప్పే, నెయ్యి కారే పెసరట్టు ఉప్మా తిని వెళ్లినా తప్పే, రెండు గంటల ముందు రెండు ఇడ్లీలు చాలు. వాంతి మాత్రల్లో కొన్ని మత్తు తెస్తాయి, డైవ్ రోజు మొదటిసారి వేసుకోకుండా ఇంటి దగ్గరే డాక్టరుని అడిగి, ఒకసారి వేసుకుని చూడండి. నీళ్ల కింద వాంతి వస్తే రెగ్యులేటర్ (నోట్లో పెట్టుకుని సిలిండర్ గాలి పీల్చే పరికరం) తీయొద్దు, నోట్లో ఉంచుకునే కక్కేయండి, దాంట్లోంచి బయటకు పోతుంది, తర్వాత దాని బటన్ నొక్కి శుభ్రం చేసుకోవచ్చు.

పైకొచ్చాక బోటు దూరంగా కనిపిస్తే దానికోసం ఎదురీదొద్దు. జాకెట్ నింపుకుని తేలుతూ, బెలూన్ లాంటి గుర్తు బోయా ఎత్తి చూపిస్తే బోటే వస్తుంది.

ఒడ్డు నుంచి దిగేటప్పుడు అల పడేస్తోంది, లేదా నీళ్లే చాలడం లేదు

పున్నమికీ అమావాస్యకీ పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా దిగుతుంది. ఆటు సమయంలో వెళ్తే మోకాలి లోతు నీళ్లలో రాళ్లూ పగడాలూ తొక్కుకుంటూ చాలా దూరం నడవాలి, కాళ్లూ చెడతాయి, రీఫూ చెడుతుంది. పోటు సమయం కనుక్కుని దానికి తగ్గట్టు దిగండి. పాదాలు ఎత్తకుండా ఇసుకలో జరుపుతూ వెళ్తే, ఇసుకలో దాక్కున్న టేకు చేప ఉన్నా తప్పుకుంటుంది. మాస్క్ పెట్టుకుని, రెగ్యులేటర్ నోట్లో ఉంచుకుని, అలకు పక్కకు తిరిగి నిలబడండి, ఫిన్స్ నడుము లోతు దాటాక తొడగండి. అలలు ఛాతీ ఎత్తు వస్తుంటే ఆ పూట మానేయండి.

గీసుకుపోయిన చోట మంచినీళ్లూ సబ్బుతో బాగా కడగాలి, పగడపు గాయం చిన్నదైనా చీము పట్టే గుణం ఉంది. చచ్చిన పగడం ముక్క కూడా జేబులో వేసుకోవద్దు, పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్‌లో ఉన్నాయి, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు.

డైవ్ అయ్యాక కీళ్ల నొప్పి, తిమ్మిరి, విపరీతమైన నీరసం

దీన్ని అలసట అని తీసిపారేయొద్దు. ఒత్తిడిలో రక్తంలో కరిగిన నైట్రోజన్, తొందరగా పైకి వస్తే బుడగలు కడుతుంది. నిమిషానికి తొమ్మిది మీటర్లకు మించకుండా పైకి రావాలి, ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. ఈ లక్షణాలు కనిపిస్తే వెంటనే ఇన్‌స్ట్రక్టర్‌కి చెప్పి ఆక్సిజన్ పెట్టించుకుని ఆసుపత్రికి వెళ్లాలి. రాత్రంతా పడుకుని పొద్దున చూద్దాం అనుకోవద్దు.

ఇక్కడే మన వాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటుంది. వెళ్లేటప్పుడు రైల్లో చెన్నై దాకా, అక్కడి నుంచి విమానం. తిరుగు ప్రయాణంలో ముందు ఎక్కేది విమానమే. డబ్బు వసూలు కావాలని చివరి రోజు పొద్దున కూడా ఒక డైవ్ పెట్టుకుంటారు. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, రెండు మూడు చేస్తే కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. కాబట్టి మొదటి రెండు రోజులూ హావ్‌లాక్‌లో డైవ్ చేసేసి, ఫెర్రీలో పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి దాని పేరు శ్రీ విజయ పురం) వచ్చి, ఆఖరి రోజును సెల్యులార్ జైలు చూడటానికి ఉంచుకోండి.