లెక్కల మార్కులు తగ్గితే ఎంబీబీఎస్ సీటు పోతుందా?

పదో తరగతి మెమోలో లెక్కల మార్కులు చూసి, పిల్లను బైపీసీ మాన్పించాలని నల్లగొండలో, పాలమూరులో చాలా ఇళ్లలో అనుకుంటారు. తొందరపడకండి. సీటు నీట్ ర్యాంకును బట్టి వస్తుంది, అందులో పదో తరగతి మార్కులు కలపరు. ఇంటర్‌లో చూసేది ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడింటి మొత్తం: జనరల్‌కు 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 40 శాతం. ఇంగ్లిష్ పాసవ్వాలి. లెక్కల్లో ఫెయిలైతే మాత్రం ఆలస్యం చేయకుండా అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీకి ఫీజు కట్టించండి.

అసలు దెబ్బ ఫిజిక్స్‌లో తగులుతుంది. నీట్ 720 మార్కుల్లో ఫిజిక్స్‌వి 180, అంటే 45 ప్రశ్నలు. క్యాలిక్యులేటర్ ఉండదు. ఫార్ములా వచ్చినా లెక్క తప్పితే 4 మార్కులు రావు, పైగా 1 పోతుంది.

ఎక్కువ మంది తప్పేది పదుల ఘాతాల దగ్గర. 2 చదరపు మిల్లీమీటర్లను చదరపు మీటర్లలోకి మార్చమంటే 2×10⁻³ అని రాస్తారు. వైశాల్యం కాబట్టి మిల్లీని కూడా వర్గం చేయాలి: 2×10⁻⁶. వ్యాసార్థంలో 2 శాతం దోషం ఉంటే గోళం ఘనపరిమాణంలో 6 శాతం వస్తుంది, ఘాతం 3 కాబట్టి. కెమిస్ట్రీలోనూ ఇదే తంతు. 2×10⁻³ మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ 3−0.3 (0.3 అనేది లాగ్ 2 విలువ), అంటే 2.7. గుర్తు తారుమారై 3.3 రాసేవాళ్లు ఎందరో. ఈ ఆమ్లం గాఢత 10⁻³ కంటే ఎక్కువున్నప్పుడు పీహెచ్ 3 దాటదని ఒక్క క్షణం ఆలోచిస్తే ఆ తప్పు అక్కడే దొరుకుతుంది.

పదో తరగతి పరీక్షలయ్యాక వచ్చే సెలవుల్లో రోజూ గంట కేటాయించండి. ముందు ఎనిమిదో తరగతి పుస్తకంలోని ఘాతాలు, తర్వాత యూనిట్ల మార్పిడి. లాగరిథమ్‌లు పదో తరగతి 'వాస్తవ సంఖ్యలు' పాఠంలోనే ఉన్నాయి; లాగ్ 2 = 0.3010, లాగ్ 3 = 0.4771 నోటికి రావాలి. ఆ వెనక త్రికోణమితి: 0, 30, 45, 60, 90 డిగ్రీల సైన్, కాస్ విలువలు. ఇంటర్ మొదలయ్యాక xⁿ, సైన్ x, eˣ డెరివేటివ్‌లు నేర్చుకుంటే వేగం, త్వరణం పాఠాలు తేలికవుతాయి. బైపీసీలో వీటికి విడిగా క్లాసు ఉండదు, అందుకే ఫిజిక్స్ సార్‌ను అడిగి చెప్పించుకోవాలి.

ప్రతి మాక్ టెస్ట్ తర్వాత తప్పుల నోటుబుక్కులో మూడు గడులు గీయండి: ఫార్ములా రాలేదు, యూనిట్ తప్పింది, లెక్క తప్పింది. మూడో గడి నిండుతుంటే కొత్త పాఠం ఆపి, కూడికలు, భాగహారాలు చేతితో చేయించండి. పరీక్షలో 180 ప్రశ్నలకు 180 నిమిషాలే. బయాలజీ 90 ప్రశ్నలు 50 నిమిషాల్లో ముగించగలిగితే, కెమిస్ట్రీకి 55 పోగా ఫిజిక్స్‌కు 75 నిమిషాలు మిగులుతాయి, లెక్క నెమ్మదిగా చేసే పిల్లలకు ఆ సమయం తప్పనిసరి.