వాకీటాకీల మాట వస్తలేదా? ముందు లైట్ చూడుండ్రి, తర్వాత కోడ్

ములుగు దాటి తాడ్వాయి దిక్కు పోతుంటే ఫోన్ సిగ్నల్ ఎక్కడ ఉంటదో ఎక్కడ పోతదో చెప్పలేం, అందుకే నాలుగైదు జీపులు కలిసి పోయేటోళ్లు వాకీటాకీలు కొంటున్నరు. కొన్నంక అందరిదీ ఒకటే కంప్లైంట్, "వెనక బండోళ్ల మాట నాకు వస్తలేదన్నా, సెట్ ఖరాబైనట్టుంది" అని. సెట్ ఖరాబ్ కాలేదు, ఊకె షాపుకు తిరిగి పంపకుండ్రి. ఆన్ చేసుడు, ఛానల్ మార్చుడు, బటన్ ఒత్తి మాట్లాడుడు తెల్సనుకునే రాస్తున్న.

లైట్ వెలుగుతది, మాట రాదు

అందర్నీ తిప్పలు పెట్టేది ఇదే. అవతలోళ్లు బటన్ ఒత్తంగనే మీ సెట్ మీద ఆకుపచ్చ లైట్ వస్తున్నది, స్పీకర్ల మాత్రం సప్పుడు లేదు అంటే సిగ్నల్ మీదాకా వచ్చింది, దాన్ని ఆపుతున్నది మీ సెట్టే. కారణం ఛానల్ నంబర్ పక్కన చిన్నగ ఉండే ఇంకో నంబర్. దాన్ని ఒక కంపెనీ ప్రైవసీ కోడ్ అంటది, ఇంకోటి సీటీసీఎస్ఎస్ అంటది, ఇంకోటి సబ్ ఛానల్ అంటది. కోడ్ పెడితే మీ మాటతోని ఒక సన్నటి టోన్ కూడా పోతది, అట్లనే అదే టోన్ ఉన్న మాట వస్తేనే మీ స్పీకర్ తెరుచుకుంటది, లేకపోతే మూసుకునే ఉంటది.

ఇప్పుడు అసలు మోసం చూడుండ్రి. మీ సెట్ల కోడ్ 5 ఉంది, వెనక బండిల 0 ఉంది అనుకోండి. మీరు మాట్లాడితే వాళ్లకు మంచిగ వినిపిస్తది, వాళ్లు మాట్లాడితే మీకు ఏం వినిపియ్యది. హన్మకొండల బయల్దేరేటప్పుడు మీరు "హలో హలో" అంటరు, వాళ్లు చెయ్యి ఊపుతరు, టెస్టింగ్ అయిపోయిందని బండ్లు తీస్తరు. అరే, వాళ్లతోని కూడా ఒక్క మాట మాట్లాడించాలె కదా! ఎన్నిసార్లు చెప్పినా ఇదొక్కటి ఎవ్వరు చెయ్యరు.

నంబర్ ఒకటే ఉన్నదిగా అంటే, కంపెనీలు వేరైతే అది కూడా నమ్మొద్దు. ఒక సెట్ల కోడ్ 2 అంటే 71.9 హెర్ట్జ్ టోన్, ఇంకో సెట్ లిస్టుల రెండోది 69.3 ఉండొచ్చు.

తేల్చుకునుడు అల్కగనే అయితది. అవతలోళ్లు మాట్లాడుతున్నప్పుడు మానిటర్ బటన్ (కోడ్ చూడకుండ వచ్చిన సిగ్నల్‌ను స్పీకర్లకు వదిలేది) ఒత్తి పట్టుకోండి, మాట వినిపించిందంటే పంచాయితీ కోడ్‌దే. అందరి సెట్లల కోడ్ 0 లేదా ఆఫ్ పెట్టేయండి. వేరేటోళ్ల మాటలు వస్తే ఛానల్ మార్చుకోండి, ప్రైవసీ అని పేరే గానీ కోడ్ ఆఫ్ పెట్టుకున్నోళ్లు మీ మాటలన్నీ వింటరు. తర్వాత కీ లాక్ వెయ్యండి, లేకుంటే జేబుల ఒత్తుకొని కోడ్ మళ్ల మారుతది.

లైటే రాదు

పక్కపక్కన ఉన్నా లైట్ రాకుంటే ఫ్రీక్వెన్సీలే వేరు. అమెరికాల ఉండే చుట్టం తెచ్చిన సెట్ల ఛానల్ 1 అంటే 462.5625 మెగాహెర్ట్జ్, లైసెన్స్ అక్కర్లేని పీఎంఆర్ 446 రకం సెట్ల 446.00625. రెండూ జన్మల కలవవు, పైగా ఆ అమెరికా సెట్ మన దగ్గర లైసెన్స్ లేకుండా వాడొద్దు.

ఇట్లాంటి హ్యాండ్‌సెట్లకు మన దేశంల లైసెన్స్ లేకుండా వదిలింది 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ దాకనే. అయినా ఆ మోడల్‌కు డబ్ల్యూపీసీ (కేంద్ర టెలికాం శాఖల వైర్‌లెస్ విభాగం) ఇచ్చే ఈటీఏ, అంటే ఆ పరికరానికి ఆమోదపత్రం, ఉండాలె, కొనేముందు అడగండి, బిల్లు బండిల పెట్టుకోండి. ఆన్‌లైన్ల ఇష్టమొచ్చినట్టు అమ్ముతున్నరనే 2025ల కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ గైడ్‌లైన్స్ తెచ్చింది. 136 నుంచి 174, 400 నుంచి 520 మెగాహెర్ట్జ్ మొత్తం తెరిచి ఉండే 5 వాట్ల సెట్ చవకగ వస్తదని లైసెన్స్ లేకుండా తీసుకునుడు తప్పే. ఒక్కరికి హామ్ (సరదాకు రేడియో నడిపేటోళ్లకు ఇచ్చే) లైసెన్స్ ఉంటే కాన్వాయ్ మొత్తానికి ఉన్నట్టు కాదు.

దూరం పోయినంక ఆగిపోతే

అర వాట్ సెట్ అది, డబ్బా మీద రాసిన కిలోమీటర్లు టేకు అడవిల పనికిరావు. సెట్‌ను గేర్ దగ్గర పడుకోబెట్టకుండా అద్దం దగ్గర నిటారుగ పట్టుకోండి. అప్పటికీ రాకుంటే నడిమి బండోళ్లు మాట అందియ్యాలె. టాప్ మీద పెద్ద యాంటెన్నా పెడతమంటరు కొందరు, ఈ సెట్లకు అది కుదరదు, దానికున్న యాంటెన్నాతోనే వాడాలె.

రేడియో లీగల్ అయినంత మాత్రాన ఏటూరునాగారం అభయారణ్యంల, కవాల్ పులుల అభయారణ్యంల ఎటుపడితే అటు బండి దింపొచ్చని కాదు, ఫారెస్టోళ్ల పర్మిషన్ వేరే.

ఎవ్వరి మాటా ఎవ్వరికీ పోకుండా ఇంజిన్ సప్పుడే వస్తుంటే ఎవలో సెట్ మీద కూసున్నరు, మాట్లాడే బటన్ ఒత్తుకొని ఉంది, లేపుండ్రి. స్పీకర్ పోవుడు, నీళ్లు పోవుడు అరుదు, అన్నీ చూసినంక దుకాణంల చూపియ్యండి.