కోళ్లని గూట్లో మూసిపెట్టే రోజులు వచ్చేలోపే చూసుకోండి, ఈకలు పీక్కోవడం మొదలైతే ఆపడం చాలా కష్టం

వానలు పట్టి కోళ్లని రోజంతా గూట్లోనే ఉంచాల్సిన రోజులు గానీ, అవి ఈకలు రాల్చే టైము గానీ దగ్గర్లో ఉందంటే ఇవాళే ఒకసారి గూడు మొత్తం చూసుకోండి. ఒకదాని ఈకలు ఇంకోటి పీకడం ఒక్కసారి మొదలైతే మిగతావి కూడా చూసి నేర్చేసుకుంటాయి, ఆ తర్వాత కారణం తీసేసినా అలవాటు మాత్రం అంత తొందరగా పోదు.

తల మీద టక్కున ఒక్క పోటు పొడిచి వదిలేస్తే అది ఎవరు పెద్ద ఎవరు చిన్న అని తేల్చుకునే గొడవ, రక్తం రానంతవరకు దాని జోలికి పోనక్కర్లేదు. ఈకలు పీకడం అలా ఉండదు, చప్పుడు లేకుండా వెనక నుంచి వచ్చి తోక మొదట్లోనో వీపు మీదో ఒక్కో ఈకా లాగుతుంది, పీకించుకునేది కూడా ఒక్కోసారి కదలకుండా అలాగే నిలబడిపోతుంది పాపం. ఇది పొగరు కాదండీ. కోడికి తెల్లారిన దగ్గర్నుంచి నేల గీకడం, పొడవడం, వెతుక్కోవడమే పని, గీకడానికి నేల దొరక్కపోతే ఆ పొడుపే పక్క కోడి మీదకి పోతుంది.

మా గూట్లో రెండు పెట్టలకి వీపు చివర బోసిపోయి చర్మం కనిపిస్తుంటే ఈకలు రాలుస్తున్నాయిలే అనుకున్నా, కానీ కింద ఊకలో చూస్తే ఒక్క ఈక లేదు. నిజంగా రాలిస్తే నేలంతా ఈకలే ఉండాలి కదా. అక్కడే ఒక మూల కూర్చుని చూశా, కాసేపటికి ఒక పెట్ట పక్కదాని ఈక పీకి, ముక్కుతో అటూ ఇటూ తిప్పి, మెడ చాచి మింగేసింది. అందుకే ముందు నేల చూడండి, కోడి బోసిగా ఉండి నేల శుభ్రంగా ఉందంటే అనుమానించాల్సిందే. పుంజు ఎక్కినప్పుడు కూడా మెడ వెనక, వీపు మీద ఈకలు పోతాయి, అది వేరే సంగతి.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది వాటికి పని పెట్టడం. ఊక గానీ ఎండుగడ్డి ముక్కలు గానీ కనీసం 4 అంగుళాల మందాన పొడిగా పరవండి, గింజలు ఒక పిడికెడు తొట్లో వెయ్యకుండా రోజుకి రెండుమూడుసార్లు ఆ ఊకలోనే చల్లండి, వెతుక్కుంటూ గంటలు గంటలు గడిపేస్తాయి. ఆకుకూర కట్టో క్యాబేజీయో తాడు కట్టి తల ఎత్తులో వేలాడదీస్తే పొడిచినప్పుడల్లా ఊగుతూ ఉంటుంది, పీకాలనే ఆరాటం దాని మీద తీరుతుంది. పొడిమట్టి, ఇసుక కలిపి వెడల్పాటి తొట్లో పోసి వాన తగలని మూల పెట్టండి, అందులో పొర్లకపోతే ఒళ్లు దురద, చిరాకు. ఊక తడిసిందంటే వెంటనే తీసి మార్చెయ్యండి, ముద్దయిపోయిన ఊకని ఏ కోడీ గీకదు.

చోటు లెక్క అందరికీ తెలిసిందే, గూట్లో కోడికి 4 చదరపు అడుగులు, బయట కంచె లోపల 10. కానీ రోజంతా మూసే ఉంచితే ఆ 4 కూడా ఇరుకే, అందుకని మేత, నీళ్లు రెండుమూడు చోట్ల పెట్టండి, బెదిరే కోడి దాక్కోవడానికి ఒక అడ్డు చెక్కయినా నిలబెట్టండి.

గుడ్లు పెట్టే చోటు మాత్రం తప్పకుండా చూడండి. 4, 5 పెట్టలకి ఒక పెట్టె ఉండాలి, లోపల చీకటిగా ఉండాలి. గుడ్డు పెట్టగానే లోపలి ఎర్రటి కండ కాసేపు బయటికి కనిపిస్తుంది, వెలుతురులో అది ఇంకోదాని కంటపడితే అక్కడే పొడుస్తుంది, ఇలా పొడిస్తే పేగులు బయటికొచ్చి కోడి చచ్చిపోయే దాకా పోతుంది. తొలిసారి గుడ్డుకొచ్చిన పెట్టలకి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. లైట్ వేస్తే కూడా మరీ కాంతిగా వద్దు, పగటి వెలుతురుతో కలిపి 16 గంటలు దాటకూడదు.

దాణాలో ప్రోటీన్ మామూలుగా 16 నుంచి 18 శాతం ఉంటే చాలు, ఈకలు రాల్చే టైములో 18 నుంచి 20 దాకా ఇవ్వండి, ఎందుకంటే ఈక అంటే దాదాపు అంతా ప్రోటీనే. మంచి దాణా పోసి దాని మీద మిగిలిన అన్నం, గింజలు ఇష్టమొచ్చినట్టు వేస్తే ఆ శాతం పడిపోతుంది. ఉప్పు తక్కువైనా పీక్కుంటాయి, అలాగని నీళ్లలో ఉప్పు కలిపెయ్యకండి, ఎక్కువైతే విషమే. దాణా మార్చాలంటే వారం పాటు పాతదాంట్లో కొంచెం కొంచెంగా కలుపుతూ మార్చండి.

రాత్రి టార్చ్ పట్టుకుని కోళ్లు కూర్చునే కర్రల సందులు, చివర్లు చూడండి, పగలు కనిపించని ఎర్ర నల్లులు అప్పుడు దొరుకుతాయి. తోక కింద ఈకల మొదట్లో తెల్లగా గుత్తులు కట్టి ఉంటే అవి పేల గుడ్లు. కొత్త కోళ్లని మాత్రం ఇలా మూసి ఉంచే రోజుల్లో, ఈకలు రాల్చే రోజుల్లో అస్సలు కలపకండి.

రక్తం కనిపిస్తే పొద్దున చూద్దాంలే అనుకోవద్దు, ఎరుపు చూస్తే అన్నీ కలిసి అదే చోట పొడుస్తాయి. దెబ్బ తగిలినదాన్ని వెంటనే తీసి, లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 9 గ్రాముల ఉప్పు వేసి కడిగి, పొవిడోన్ అయోడిన్ రాసి, ఈగలు వాలని చోట పెట్టండి. కండ కనిపించినా, వెనకభాగం బయటికొచ్చినా సొంత వైద్యం వద్దు, పశువుల డాక్టర్‌కి చూపించండి. పీకేది ఒక్కటే అని తేలితే దాన్ని కూడా కొన్ని రోజులు విడిగా ఉంచండి. ముక్కు కత్తిరించెయ్యమని ఎవరైనా చెప్తారు, దయచేసి ఇంట్లో ఆ పని చెయ్యకండి, ముక్కులో నరాలుంటాయి, దానికి చాలా నొప్పి.

మానింది కదా అని దాన్ని వెంటనే గుంపులో వదలొద్దు. కొత్తగా మొలిచే ఈకల ఈనెలో రక్తం ఉంటుంది, ఒక్క పోటు పడినా మళ్లీ కారుతుంది. ఆ ఈకలు విచ్చుకునే దాకా గూట్లోనే వల అడ్డం కట్టి అవతల ఉంచండి, మిగతావి దాన్ని చూస్తూ ఉంటే మర్చిపోవు. వదిలిన రోజు మాత్రం మీరు అక్కడే ఉండండి.